తలుపుకు సిలిండర్

రెండువేల ఎనిమిదో సంవత్సరం దసరాకు పన్నెండు రోజుల ముందు మద్దులగుంట గ్రామంలో యేసయ్య అనే పేదవాడు తన ఇంటికి ఎవరికీ లొంగని తాళం వేయాలని నిర్ణయించుకున్నాడు. ఊరి చరిత్రలో ఇంతటి సాహసం అంతకుముందు జరిగినట్టు దాఖలాలు లేవు. తాళాలు ఊరికి కొత్త కాదు, ఉన్నవాళ్ళందరికీ ఉన్నాయి. లేనివాడు అలాంటి తాళం వేయబూనడమే కొత్త.

మద్దులగుంట వనపర్తికీ నాగర్‌కర్నూలుకూ సరిగ్గా నడుమ ఉంటుంది. అంటే రెండింటికీ బస్సు దొరకని చోట. అక్కడి వానలు కూడా ఆ బస్సుల మాదిరే వస్తాయి కాబట్టి యేసయ్య, ఆయన భార్య రాధమ్మ ఏటా దసరా వెళ్ళగానే మేస్త్రీ పంపే బండెక్కి హైదరాబాదు వలసపోతారు. జూన్‌లో మిర్గం కార్తెకు తిరిగొస్తారు. ఆ ఏడెనిమిది నెలలూ రాధమ్మ ఇటుకలు మోస్తుంది, యేసయ్య కొత్త అపార్ట్‌మెంట్లకు తలుపులు, తాళాలు బిగిస్తాడు. బిగించిన తాళాన్ని మూడుసార్లు తిప్పిచూసి, తాళంచెవులు యజమాని చేతిలో పెట్టి, ఆ క్షణం నుంచి ఆ గడప లోపల అడుగుపెట్టే అర్హత పోగొట్టుకోవడం అతని వృత్తి. అందులో అతనికి మంచి పేరుంది.

రెండేళ్ళ కింద సర్కారు వారికి ఒక గది, ఒక వంటమూల ఉన్న ఇల్లు మంజూరు చేసింది. సర్కారు ఇచ్చిన ఇల్లు కాబట్టి గ్రామం దాన్ని ఉమ్మడి ఆస్తిగా గౌరవించింది. యేసయ్య దంపతులు మొదటి ఏడు వలసపోయి వచ్చేసరికి ఇంట్లో వెంకటన్న పటేల్ గారి యూరియా బస్తాలు గోడవారన క్రమశిక్షణతో నిలబడి ఉన్నాయి. వంటమూలలో రేషన్ డీలర్ కురుమూర్తి గారి బియ్యం బస్తాలు ఉన్నాయి. పేదల బియ్యం పేదవాడి ఇంట్లో ఉండటమే న్యాయమని కురుమూర్తి అభిప్రాయం. రాత్రివేళ బీడీలు కాల్చుకునేవారు, పగటివేళ పేకాడేవారు, ఎండకు ఆగలేని మేకలు తమ తమ వేళలను ఒకరితో ఒకరు గొడవపడకుండా పంచుకున్నారు. ఖాళీగా పాడుపడవలసిన ఇంటిని ఇంత బాగా వాడిపెట్టినందుకు యేసయ్య కృతజ్ఞత చెప్పలేదని ఊళ్ళో కొంత అసంతృప్తి కూడా ఉండింది.

రెండో ఏడు యేసయ్య సంతలో కొన్న తాళంకప్ప వేసి పోయాడు. ఆ రకం కప్పలు ఊళ్ళో ఎవరి తాళంచెవికైనా లొంగుతాయి. లొంగనివి రాయికి లొంగుతాయి. ఈసారి యూరియా బస్తాలకు గోడవారన చోటు చాలక రెండింటిని రాధమ్మ కుట్టుమిషను మీద పెట్టారు.

ఆ మిషను రాధమ్మ మూడేళ్ళు ఇటుకలు మోసి తెచ్చుకున్నది. మిర్గానికి వచ్చి బస్తాలు దింపిచూస్తే చక్రానికి తుప్పు, సూది కదలదు. యూరియా పైర్లకు బలం గానీ ఇనుముకు కాదని అప్పుడు తెలిసింది. రాధమ్మ గంటసేపు కొబ్బరినూనె పోసి చక్రం తిప్పింది. అది కీచుమంటూ కొంచెం కొంచెంగా దారికి వచ్చింది. రాధమ్మ మాత్రం దసరా దగ్గరపడ్డా రాలేదు.

"ఓ నిరోష నాయినా, ఈసారి ఇంటికి సరైన తాళం లేకుంటె నేను బండెక్క. నువ్వొక్కనివే పో."

వనపర్తి హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివే నిరోష వాళ్ళ బిడ్డ. ఆ పేరుతో పిలిచిందంటే రాధమ్మ కోపం మామూలుది కాదని యేసయ్యకు ఎరుక. పైగా మేస్త్రీ జంటలనే తీసుకుంటాడు. ఆమె ఎక్కకపోతే అతనికీ చోటు లేదు. బండి దసరా అయిన నాలుగో రోజున వస్తుంది.

"ఏస్తనే. పట్నపు తాళమే ఏస్త," అన్నాడు యేసయ్య.

అతని దగ్గర అప్పటికే సగం తాళం ఉంది. కిందటేడు ఒక ఫ్లాటు యజమాని తలుపులో పొదిగిన తాళం రంగు నచ్చలేదని పీకించి పారేయమంటే, దాని ఇనుపపెట్టెను తువ్వాలలో చుట్టి తెచ్చుకున్నాడు. పెట్టె ఉంది గానీ అందులో తాళంచెవి దూరి తిరిగే గుండె లేదు. ఆ గుండెను పట్నంలో సిలిండర్ అంటారు. మూడువేళ్ళ పొడుగు ఉండే ఇత్తడి ముక్క. తలుపు ఎంత పెద్దదైనా, పెట్టె ఎంత గట్టిదైనా, తాళం విలువ మొత్తం ఆ ముక్కలోనే ఉంటుంది.

ఊరి వడ్ల చిన్నయ్య వేపచెక్కతో కొత్త తలుపు చేశాడు. మేకలు కుమ్మినా ఓర్చుకోవాలని బయటివైపు అడ్డంగా ఒక పట్టీ బిగించాడు. అంచున తొలిచి యేసయ్య చెప్పినట్టే పెట్టెను పొదిగాడు. తలుపు నిలబడింది. నడుమ సిలిండర్ కోసం ఒక రంధ్రం మిగిలింది. ఊళ్ళో ఆ దారిన పోయే పెద్దమనుషులు ఆగి, వంగి, ఆ రంధ్రంలోంచి లోపలికి చూసి, ఏమీ లేదని నిర్ధారించుకుని, మరి తాళమెందుకని ఆశ్చర్యపడి వెళ్ళేవారు.

యేసయ్య ఒక చీపురుపుల్ల తీసుకుని రంధ్రంలో పెట్టి మూడు గాట్లు పెట్టాడు. నడుమ గాటు మర బిగించే చోటు. అక్కడినుంచి లోపలి అంచుకు ఒక గాటు, బయటి అంచుకు ఒక గాటు. బయటి పట్టీ వల్ల అటువైపు కొంచెం ఎక్కువ వచ్చింది. ఈ రెండు కొలతలూ వేరువేరని తెలియకనే లోకంలో సగం తాళాలు విరుగుతాయి. సిలిండర్ బయటికి పొడుచుకొచ్చిందా, పటకారుకు పిడి ఇచ్చినట్టే. ఈ సంగతి చుట్టుపక్కల పాతిక ఊళ్ళలో తెలిసినవాడు యేసయ్య ఒక్కడే. అందుకే అతన్ని ఎవరూ అడగలేదు. అందరూ అతనికి చెప్పారు.

మొదట వనపర్తికి పోయాడు. ఇనుపసామాన్ల షాపు యజమాని చీపురుపుల్లను అటూ ఇటూ తిప్పిచూసి, "సిలిండర్ బస్టాండు అవుతల గ్యాసు ఏజెన్సీల దొర్కుతది. ఈడ దొర్కదు," అన్నాడు. తలుపు తాళంలోకి అని యేసయ్య వివరించాక అరకిలో బరువున్న తాళంకప్ప ఒకటి బల్ల మీద ధన్‌మని పెట్టి, "పెద్దగుంటె మంచిగుంటది," అని సిద్ధాంతం చెప్పాడు.

రెండోనాడు నాగర్‌కర్నూలు. అక్కడి షాపులో నిజంగానే సిలిండర్ ఉంది. బంగారంలా మెరుస్తోంది. కానీ రెండువైపులా ఒకే పొడుగు. యేసయ్య పుల్ల ఆనించి చూశాడు. ఒకవైపు గోరంత ఎక్కువ, ఇంకోవైపు గోరంత తక్కువ.

"సరిపోదు సారు."

"సిలిండర్ మంచిగనే ఉన్నది. నీ తలుపే సరిగ లేదు," అన్నాడు షాపతను. "తలుపు చెక్కించుకో."

మూడోనాడు తెల్లవారకముందే బయలుదేరి, రెండు ఆటోలు, ఒక లారీ, ఒక బస్సు మారి గద్వాల చేరాడు. కోట వెనక సందులో జములమ్మ అనే ఆవిడ ఇనుపసామాన్ల దుకాణం నడుపుతుంది. అరవై ఏళ్ళుంటాయి. కర్ణాటక ఆ పక్కనే కావడం వల్ల ఆమె మాటలో సగం అక్కడిది. ఆమె చీపురుపుల్లను చూసి నవ్వలేదు. కళ్ళద్దాలు పెట్టుకుంది.

"లోపలికి ఎష్టు? బయటికి ఎష్టు?"

ఆ ప్రశ్న వినగానే మూడు రోజుల బస్సు ధూళి దులిపేసినట్టయింది యేసయ్యకు. ఎవరైనా తన లెక్కలో తనతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో. కొలిచి చెప్పాడు. లోపల ముప్పై, బయట నలభై మిల్లీమీటర్లు.

"హౌదు. రెండు దిక్కుల సమానంది బేడ, వద్దు నీకు. లోపలి దిక్కు తాళంచెవి కావాల్నా, తిప్పేటి బిళ్ళ కావాల్నా?"

"బిళ్ళే మంచిదక్కా. లోపలున్నప్పుడు తాళంచెవి ఎతుక్కునుడెందుకు."

జములమ్మ మెచ్చుకోలుగా తలూపి, లోపలి అరలోంచి ఒక సిలిండర్ తీసి, బల్లకు బిగించిన చెక్కముక్కలో దూర్చి తిప్పి చూపింది. పాలు పోసినంత మెత్తగా తిరిగింది. ఐదు తాళంచెవులు వచ్చాయి.

"మీ ఊర్ల దొంగలు శానమంది ఉన్నరా ఏంది తమ్మీ?"

"లేరక్కా. దొంగలుంటె ఇంత పరేషాన్ ఉండకపోవు. అందరు పెద్దమనుషులే."

జములమ్మ ఐదు తాళంచెవులనూ అతని చేతిలో లెక్కపెట్టింది.

యేసయ్య గద్వాలలో ఉండగానే మద్దులగుంటలో చరిత్ర ముందుకు నడిచింది. బోరింగు దగ్గర ఒకామె, మీ ఆయన కనిపిస్తలేడేందని అడిగితే, "సిలిండర్ తేనీకి గద్వాల పోయిండు," అంది రాధమ్మ. బిందె నిండేలోపు ఆ మాట పడమటి వాడకు చేరింది. పొద్దెక్కేసరికి సిలిండర్‌తోపాటు పొయ్యి కూడా వస్తోందని తెలిసింది. మధ్యాహ్నానికి రెండు పొయ్యిలు అయ్యాయి.

సాయంత్రం రాధమ్మ డబ్బా పట్టుకుని కిరసనాయిలుకు పోతే కురుమూర్తి ఆమె రేషన్ కార్డు తీసుకుని "గ్యాసు కలదు" అనే ముద్ర గట్టిగా గుద్దాడు. గ్యాసు ఉన్నవాళ్ళకు కిరసనాయిలు కోసేయాలన్నది నిబంధన. ఆ ముద్ర చేయించి నాలుగేళ్ళయినా ఊళ్ళో గ్యాసున్న పెద్దిళ్ళ కార్డుల మీద గుద్దేందుకు ఆయనకు తీరిక దొరకలేదు. ఈరోజు దొరికింది.

"గ్యాసేంది కురుమూర్తన్నా? మాకు గ్యాసెక్కడిది?"

"సిలిండర్ తెస్తుండా లేడా?"

"తెస్తుండు. తలుపుకు."

"పొయ్యికి పెట్టుకుంటవో, తలుపుకు పెట్టుకుంటవో అది నీ ఇష్టం. సిలిండర్ సిలిండరే."

"చేతుల పట్టేటంత ఉంటదన్నా అది!"

"చిన్న సిలిండర్లు గూడ వచ్చినయంట. పేపర్ల సూసిన," అన్నాడు కురుమూర్తి విజ్ఞానవంతుడిలా.

ఖాళీ డబ్బా పట్టుకుని వస్తుంటే రాధమ్మకు ఏడుపు రాలేదు, నవ్వు వచ్చింది. ఇంటికొచ్చి బుడ్డి దీపంలో అడుగున మిగిలిన కిరసనాయిలు చూశాక నవ్వు పోయింది. యేసయ్య చీకటిపడ్డాక వచ్చి సిలిండర్ బిగించాడు. మర ఒక్కటే. బయటి పట్టీకి సమంగా, గోరు పెట్టినా తగలకుండా ఇమిడిపోయింది. రాధమ్మ తాళంచెవి తిప్పింది. టక్‌మంది. మళ్ళీ తిప్పింది. ఆ చప్పుడు కోసమే నాలుగైదుసార్లు తిప్పి, ఆ తర్వాత కార్డు తెచ్చి ముద్ర చూపించింది.

మరునాడు గ్రామపంచాయతీ ఆఫీసు ముందు అత్యవసర సమావేశం జరిగింది. అప్పుడు మద్దులగుంట సర్పంచ్ లలితమ్మ గారు. ఆ సీటు మహిళలకు కేటాయించారు కాబట్టి ఆమె సర్పంచ్, ఆమె భర్త వెంకటన్న పటేల్ కాబట్టి ఆయన సర్పంచ్. లలితమ్మ గారు ఇంట్లో పప్పు పొయ్యి మీద పెట్టి ఉన్నందున వెంకటన్న అధ్యక్షత వహించారు. యూరియా వచ్చే వారం దిగబోతోంది. ఆయన గొంతులో ఆవేదన ఉంది.

"సోదరులారా! మన ఊర్ల ఇన్నేండ్ల సంది ఒకలింట్ల ఒకలం తిరిగినం. ఎన్నడన్న ఎవ్వలన్న తలుపేసుకున్నరా? మా యేసయ్య నాకు తమ్మునసొంటోడు. ఆని ఇల్లు నా ఇల్లు అనుకున్న. గట్ల అనుకునుడు తప్పా? ఇయాల ఆ ఇంటికి పట్నపు తాళం పడ్డది. ఆ తాళం తలుపుకు కాదు, మన ప్రేమకు పడ్డది! పేదోనికి దాచుకునేటిది ఏముంటది? ఉంటే ఆడు పేదోడెట్ల అయితడు? ఈ సంగతి సర్కారు తేల్చాలె."

చప్పట్లు మోగాయి. "ఆని ఇల్లు నా ఇల్లు" అన్నవాడి ఇంటికి మూడు తాళాలు, ఒక కుక్క ఉన్నాయన్న విషయం ఎవరికీ అసందర్భంగా తోచలేదు. లబ్ధిదారుడు గ్యాసు, విలాసవంతమైన తాళం కలిగి ఉన్నందున అతని పేదరికంపై విచారణ జరపాలని తీర్మానం రాసి, పప్పు దించాక లలితమ్మ గారి సంతకం తీసుకుని మండలానికి పంపారు.

విచారణకు జగదీశ్ సారు మోటారు సైకిల్ మీద వచ్చారు. మంచి మనిషి. ఆయనకు ఎవరి మీదా కోపం లేదు, ఫారం మీద భక్తి ఉంది. తలుపు ముందు కుర్చీ వేయించుకుని, చుట్టూ ఊరు గుమికూడాక, కలం తీశారు.

"సిలిండర్ ఉందా?"

"ఉన్నది సారు. కాని గది—"

"ఉంది," అని రాసుకున్నారు. "ఎన్ని?"

"ఒకటి."

"ఎక్కడ ఉంచారు?"

యేసయ్య తలుపు చూపించాడు. జగదీశ్ సారు లేచి, వంగి, తాళంచెవి రంధ్రాన్ని చూసి, మళ్ళీ ఫారం చూశారు. "గాలి తగిలే చోట ఉంచారు" అని రాశారు. రెగ్యులేటర్ లేదు. పైపు లేదు. పొయ్యి లేదు. ఏడో గడిలో లీకేజీ పరిశీలన ఉంది. ఆయన తన బాధ్యత మరచే మనిషి కాదు, రంధ్రానికి ముక్కు ఆనించి గాలి పీల్చారు. వేపచెక్క వాసన వచ్చిందేమో, మొహం ప్రసన్నమైంది. "లీకేజీ లేదు."

యేసయ్య చేతులు కట్టుకుని చెప్పాడు. "సారు, ఇది గ్యాసు సిలిండర్ గాదు. తాళంది. పేరొకటే, పని వేరు. గంతే."

జగదీశ్ సారు కలం దించి ఆప్యాయంగా చూశారు. "నాకు తెల్వదా యేసయ్యా? నా కండ్లతోని సూస్తున్న గద. కాని ఈ ఫారంల తలుపు సిలిండర్ అనే గడి లేదు. గడి లేనిదాన్ని నేనేడ రాయాలె? 'లేదు' అని రాస్తే అబద్ధమైతది, పదిమంది సూసిండ్రు. 'ఉంది' అని రాస్తే నీ కిరసనాయిలు పోతది. జర ఆలోచన చేయనియ్యి."

ఆయన చాలాసేపు ఆలోచించారు. రాధమ్మ లోపల్నించి చాయ్ తెచ్చి ఇచ్చింది. చివరి బొట్టు కిరసనాయిలుతో కాచిన చాయ్ అని చెప్పింది కూడా. చాయ్ సగమయ్యేసరికి ఆయన కళ్ళు వెలిగాయి.

"అండ్ల గ్యాసున్నదా?"

"లేదు సారు."

"అంటే ఖాళీ!"

ఆయన గబగబా రాశారు. లబ్ధిదారుని వద్ద ఒక సిలిండర్ కలదు. అది ఖాళీగా ఉన్నది. నిండేవరకు ఆయనకు కిరసనాయిలు యథావిధిగా సరఫరా చేయవచ్చును. ఆ నివేదిక నేటికీ అమలులో ఉంది. యేసయ్య తలుపు ఎప్పుడు నిండితే అప్పుడు కోత మొదలవుతుంది.

పేదరికం దక్కింది, కిరసనాయిలు దక్కింది. వెంకటన్నకు మాత్రం యూరియా లారీ బయలుదేరబోతున్నట్టు కబురు వచ్చింది. జగదీశ్ సారు మోటారు సైకిల్ ఎక్కకముందే ఆయన రెండో అంశం లేవనెత్తారు.

"సారు, తాళం ఉంటే ఉండనీయుండ్రి, నేనేమంట? ఈల్లు ఎనిమిది నెలలు ఊర్ల ఉండరు. ఇంట్ల పాము దూరుతది, నిప్పు అంటుకుంటది. అప్పుడు తలుపు తెరిసేటోడెవడు? తాళం యేసయ్యది. భద్రత ఊరిది. ఎన్ని తాళంచెవులున్నయిరా?"

యేసయ్యకు అబద్ధం చేతకాదు. "ఐదు పటేలా."

ఐదు అనే సంఖ్య అందరికీ నచ్చింది. అక్కడికక్కడే పంపకం జరిగింది. ఊరిపెద్దగా వెంకటన్నకు ఒకటి. ఇంట్లో బియ్యం ఎలుకల పాలు కాకుండా చూసే బాధ్యత ఉంది కాబట్టి కురుమూర్తికి ఒకటి. ఎవరి బియ్యమని ఎవరూ అడగలేదు. చివరి ధ్రువపత్రం వచ్చేదాకా ఇల్లు సర్కారుదే కాబట్టి జగదీశ్ సారుకు ఒకటి. నాలుగోది గ్రామపంచాయతీ గోడకు మేకు కొట్టి, ప్రజల సౌకర్యార్థం దానికి తగిలించాలి. మిగిలిన ఐదోది, ఎంతైనా ఉండేది వాళ్ళే కదా అని, యేసయ్యకు. జగదీశ్ సారు తీసుకోనని మొహమాటపడ్డారు. గౌరవంగా ఇస్తున్నామని జేబులో వేశారు.

అందరూ పోయాక రాధమ్మ గడప మీద కూలబడింది. మూడు ఊళ్ళు తిరిగి, కొలిచి, వెతికి తెచ్చిన తాళం. చేతిలో ఒక్క తాళంచెవి మిగిలింది. అది కూడా దయతో ఇచ్చింది.

"ఊరందరికి ఇచ్చినంక ఇగ తాళమెందుకు? నేను బండెక్క. మిషను ముందల కూసుంట. ఎవడస్తడో రానీ."

యేసయ్య ఆమె పక్కన కూర్చున్నాడు. చెప్పవలసింది చాలా ఉంది గానీ గోడకవతల ఎవరో బీడీ కాలుస్తున్న వాసన వచ్చింది. అందుకని, "రేపు పొద్దుగాల్ల గద్వాల పోయొస్త," అని మాత్రం అన్నాడు.

రాధమ్మ అతని మొహంలోకి చూసింది. పదిహేడేళ్ళ కాపురంలో ఆమెకు ఆ మొహం చదవడం వచ్చు. "బస్సుకు సద్ది కడత," అని లేచింది.

తలుపులో పొదిగే తాళానికి ఒక గొప్ప గుణం ఉంది. పట్నంలో అద్దెకు వచ్చేవాడు మారినప్పుడల్లా యజమాని యేసయ్యను పిలిపించేది అందుకే. పెట్టె కదిలించనవసరం లేదు. అంచున ఒక్క మర విప్పి, తాళంచెవి కొంచెం తిప్పి లాగితే పాత సిలిండర్ చేతికొస్తుంది. కొత్తది దూర్చి అదే మర బిగిస్తే సరి. బయటినుంచి చూసేవాడికి అదే తలుపు, అదే తాళం. పాత తాళంచెవులు మాత్రం ఎందుకూ పనికిరాని ఇత్తడి.

జములమ్మ అదే కొలత, అదే రంగు ఇంకొకటి తీసి ఇచ్చింది. పాతదాన్ని చూసి, "దీనికేమైంది? మంచిగనే ఉందల్లా?" అంది.

"మంచిగనే ఉన్నదక్కా. తాళంచెవులే ఊర్లకు పోయినయి."

జములమ్మ పొట్ట కదిలేలా నవ్వింది. పాతదాన్ని నమూనాకని తీసుకుని బల్ల మీద పెట్టుకుంది.

దసరా అయిన నాలుగో రోజున బండి వచ్చింది. రాధమ్మ ఊరందరి ఎదుట తలుపు వేసి, తాళం తిప్పి, తాళంచెవిని కొంగుకు కట్టుకుని అందరికంటే ముందు ఎక్కింది. వెంకటన్న స్వయంగా వచ్చి, "నిశ్చింతగ పోయిరాండ్రి. ఇల్లు మేం సూసుకుంటం," అని ధైర్యం చెప్పారు. ఆ సాయంత్రమే యూరియా దిగింది.

ఎనిమిది నెలల తర్వాత, మిర్గం తొలి మబ్బుల కింద, ఇద్దరూ తిరిగొచ్చారు. తలుపు వేసినట్టే ఉంది. రంధ్రం చుట్టూ మాత్రం సన్నగా గీతలున్నాయి. ఎవరో నూనె పోసినట్టున్నారు, ధార కిందిదాకా కారి ఎండింది. ఎవరో అగ్గిపుల్లతో ప్రయత్నించారు, దాని ముక్క గడప మీద ఉంది. యేసయ్య ఆ గీతలను వేలితో తడిమి, పనివాడి కంటితో చూసి, పటకారు పట్టడానికి చోటు దొరకలేదని గ్రహించి తృప్తిపడ్డాడు. రాధమ్మ కొంగు విప్పి తాళం తీసింది.

లోపల యూరియా వాసన లేదు. బీడీ వాసన లేదు. మేకల వాసన లేదు. మూసిన ఇంటి వాసన మాత్రం ఉంది. వాళ్ళ బతుకులో ఆ వాసన అదే మొదటిసారి. రాధమ్మ మిషను మీది దుప్పటి తీసి చక్రం తిప్పింది. కీచుమనకుండా తిరిగింది. ఆమె ఊరికే, గుడ్డ లేకుండానే, కాసేపు తొక్కుతూ కూర్చుంది.

మధ్యాహ్నానికి పరామర్శలు మొదలయ్యాయి. ముందు కురుమూర్తి వచ్చాడు. ఎండలు, వానలు, పట్నపు నీళ్ళ గురించి మాట్లాడి, పోతూ పోతూ తలుపు వైపు చూసి, "తాళం మంచిగ పనిజేస్తుందా?" అన్నాడు.

"జేస్తుందన్నా. మీ తాళంచెవి భద్రంగ ఉన్నదా?"

"ఉన్నది, ఉన్నది. పెట్టెల పెట్టింది పెట్టినట్టే ఉన్నది. తీసి గూడ సూడలె."

తర్వాత వెంకటన్న వచ్చారు. ఈ ఏడు యూరియా ఆయన సొంత వసారాలోనే ఉండి, మాఘంలో పడిన అకాల వానకు సగం కరిగిందని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. ఆయన ఆ ప్రస్తావన తేలేదు. "ఇగో నీ తాళంచెవి. పాము దూరలె, నిప్పు పడలె. నాకు అవసరమే పడలె," అని ఇచ్చారు. అది చివర వంకరపోయి ఉంది. యేసయ్య రెండు చేతులతో తీసుకుని, "దండాలు పటేలా," అన్నాడు.

పంచాయతీ గోడకు తగిలించిన తాళంచెవిని కూడా యేసయ్య పోయి చూసొచ్చాడు. ఎనిమిది నెలలు మేకుకు వేలాడిన ఇత్తడి మసకబారాలి. అది మాత్రం దినాం ఎవరో తోమినట్టు తళతళ మెరుస్తోంది.

ఆ నెల గ్రామసభలో తాళంచెవుల ఏర్పాటుపై సమీక్ష జరిగింది. నాలుగు తాళంచెవుల్లో ఏ ఒక్కదానిపైనా ఏ విధమైన ఫిర్యాదూ అందలేదని నమోదయింది. ఫిర్యాదు చేయాలంటే ముందు తలుపు దగ్గరికి ఎందుకు పోయారో చెప్పాలి. కాబట్టి ఏర్పాటు విజయవంతమైనదని, గ్రామ ఐకమత్యానికి నిదర్శనమని, ఇకపై ఊళ్ళో ఎవరు ఇలాంటి తాళం బిగించినా నాలుగు తాళంచెవులు గ్రామానికి అప్పగించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. అప్పటికే అలాంటి తాళం మీద చాలామందికి మనసు పోయింది. అది ఎంత గట్టిదో వాళ్ళకు స్వానుభవం.

అందరికంటే ముందు వెంకటన్న పటేల్ గారే గద్వాల పోయారు. పోయేముందు ఏ కొలత తీసుకోవాలో యేసయ్యను ఇంటికి పిలిపించి, కుర్చీ వేయించి అడిగారు. జములమ్మ ఆయన చేతిలోని చీపురుపుల్ల చూసి, ఏ ఊరో చెప్పకుండానే గుర్తుపట్టి, ఒక సిలిండర్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంకొకటి గూడ ఇయ్యమ్మా," అన్నారు వెంకటన్న. "గిదే కొలత."

"ఎన్ని తలుపులు మీకు?"

"తలుపొక్కటే. ఒకటి ఊరికి సూపెట్టనీకి, ఒకటి తాళమేసుకొనీకి."

ఆ తర్వాత మద్దులగుంట నుంచి పద్నాలుగు మంది పోయారు. అందరూ రెండేసి తెచ్చారు. ఇప్పుడు జములమ్మ సిలిండర్లను ముందే దారంతో జంటలుగా కట్టి ఉంచుతోంది. వనపర్తి నుంచి, నాగర్‌కర్నూలు నుంచి, ఇంకా దూరాల నుంచి చదువుకున్నవాళ్ళు, ఉద్యోగస్తులు కూడా వచ్చి జంటే పట్టుకుపోతున్నారు. ఏ ఊరని అడగడం ఆమె ఎప్పుడో మానేసింది.